మోకా రేవు నుంచి మస్కట్ వంటింటి దాకా

పోయిన ఉగాది సంబరాల్లో భోజనాలయ్యాక కాఫీ బల్ల దగ్గర నిలబడ్డ పెద్ద వరస మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వంటవాళ్ళు ఎక్కణ్ణుంచి సంపాదించారో గాని, మన ఊళ్ళ పెళ్ళిళ్ళలో కనిపించే ఆవిరి మిషనొకటి తెచ్చి పెట్టారు. బుస్సుమని శబ్దం, కప్పు నిండా తెల్లటి నురగ, పైన చిటికెడు చాక్లెట్ పొడి. నా ముందు నిలబడ్డ కుర్రాడు మన కళ్ళ ముందు మస్కట్‌లో పెరిగినవాడే. పై చదువుకు యూరప్ వెళ్ళి సెలవులకు వచ్చాడు. ఒక గుక్క తాగి నవ్వుతూ, "అంకుల్, కాఫీ బాగుంది. కానీ ఇది ఎస్ప్రెసో కాదు" అన్నాడు.

నాకు కొంచెం రోషం వచ్చిన మాట నిజం. ఎస్ప్రెసో అంటే ఏమిటో నాకు వీడు చెప్పాలా? 1980లలో మా వైపు పెళ్ళికి వెళితే, పెళ్ళికొడుకును చూడకముందే ఎస్ప్రెసో మిషను ఏ మూల పెట్టారో చూసుకున్న తరం మాది. ఆడపెళ్ళివారు ఎస్ప్రెసో పెట్టించారంటే వాళ్ళ మర్యాద ఒక మెట్టు పెరిగినట్టే. హైదరాబాదు నుమాయిష్‌లోనూ, సినిమా హాళ్ళలో విశ్రాంతి సమయంలోనూ అదే బుస్సు, అదే నురగ. ఇన్నేళ్ళు తాగింది ఎస్ప్రెసో కాకపోతే మరేమిటి?

ఆ మాట అక్కడితో మరిచిపోయేవాణ్ణే. తరువాతి నెలలో అమ్మ మస్కట్ వచ్చింది.

అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్ళు. కిందటేడు పెరట్లో జారిపడి కుడి మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది గాని చేతిలో పట్టు రాలేదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి ఇత్తడి ఫిల్టరులో డికాషన్ వేసుకున్న మనిషి, ఇప్పుడు ఆ ఫిల్టరు పై గిన్నె బిగించలేదు, బిగించింది విప్పలేదు. అలాగని ఒకరిని అడిగే అలవాటూ లేదు. మేం లేచేదాకా చీకట్లో హాల్లో కూర్చుని ఉండేది. ఆ కూర్చోవడం చూడలేక, మీట నొక్కితే కాఫీ వచ్చే మిషనొకటి కొనిపెడదామనుకున్నాను. రూవీలో ఒక దుకాణంలో పద్దెనిమిది రియాళ్ళకు దొరికింది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఎస్ప్రెసో, కపుచినో అని రెండూ రాసి ఉన్నాయి. కంపెనీ పేరు ఎందుకులెండి.

మర్నాడు అమ్మ ఊరి నుంచి తెచ్చుకున్న కాఫీ పొడే వేసి, మీట నొక్కి, పాలు కలిపి ఇచ్చాను. రెండు గుక్కలు తాగి, "బాగుంది నాన్నా" అంది. నేను ఆఫీసుకు వెళ్ళాక మిగిలినదంతా సింకులో పోసేసిందని మా ఆవిడ సాయంత్రం చెప్పింది. మూడోరోజు నేనూ అదే కాఫీ పాలు లేకుండా రుచి చూశాను. మాడు వాసన, నాలుక మీద చేదు, అంత చేదులోనూ పల్చదనం. అమ్మ మంచితనం వల్ల నా పద్దెనిమిది రియాళ్ళ సంగతి రెండు రోజులు ఆలస్యంగా తెలిసింది, అంతే.

తప్పు మిషనుదా, పొడిదా, నాదా అని చదవడం మొదలుపెట్టాను. చదువుతూ పోతే తెలిసిన సంగతేమిటంటే, దుకాణం అరలో పక్కపక్కనే నిలబెట్టి ఉండే కాఫీ మిషన్లు ఒక్క కాలానివి కావు. ఒకటి 1901 నాటి ఆలోచన, దాని పక్కది 1933 నాటిది, ఆ పక్కది 1961 నాటిది. అన్నిటి మీదా ఎస్ప్రెసో అనే రాసి ఉంటుంది. ఏది ఏ సంవత్సరానిదో తెలిస్తే డబ్బు దండగ కాదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

అయితే యంత్రాలు వచ్చింది ఇటలీలో గాని, కాఫీ కథ మొదలయింది మనం రోజూ చూసే ఈ సముద్రం ఒడ్డునే. కాబట్టి ముందు ఈ పక్క కథ చెప్పుకుందాం.

కాఫీ చెట్టు పుట్టిల్లు ఇథియోపియా. కానీ గింజను కాచి తాగడం మనకు స్పష్టంగా తెలుస్తున్నది యెమెన్‌లో, 15వ శతాబ్దంలో. అక్కడి సూఫీలు రాత్రి ప్రార్థనల్లో నిద్ర రాకుండా తాగేవారు. పరీక్షల ముందు మనం చేసిందీ అదే కదా. అరబ్బులు దాన్ని ఖహ్వా అన్నారు, తురుష్కుల నోట అది కహ్వే అయింది, యూరప్ చేరేసరికి కాఫీ అయింది. 1511లో మక్కాలో ఖైర్ బేగ్ అనే అధికారి కాఫీని నిషేధించి బస్తాలు తగలబెట్టించాడు. కైరోలో ఉన్న సుల్తాను ఆ ఆజ్ఞను నిలవనివ్వలేదు. కాఫీ మీద పడిన నిషేధాలన్నిటికీ తరువాత్తరువాత ఇదే గతి పట్టింది.

యెమెన్ కొండల్లో పండిన గింజలు ఎర్ర సముద్రం ఒడ్డున మోకా రేవుకు దిగేవి. 17వ శతాబ్దంలో ప్రపంచానికి కాఫీ అంటే మోకాయే. కుతుబ్ షాహీల కాలంలో మన మచిలీపట్నం నుంచి అద్దకం బట్టలు ఎక్కించుకుని ఎర్ర సముద్రం వైపు ఓడలు వెళ్ళేవి. మోకా వాటికి తెలిసిన మజిలీ. అంటే మన కృష్ణా తీరపు వర్తకులు, మన ఇళ్ళలో కాఫీ అన్న మాట పుట్టక ముందే ఆ కాఫీ బస్తాల పక్కనుంచి నడిచి వెళ్ళినవాళ్ళే.

మస్కట్‌కు ఇందులో పెద్ద పాత్రే ఉంది. 1650లో పోర్చుగీసువారిని ఇక్కణ్ణుంచి వెళ్ళగొట్టాక ఒమాన్ నౌకాబలం పెరిగింది. 18వ శతాబ్దంలో ఒమానీ ఓడలు మోకా కాఫీని బస్రాకు చేరవేసేవి. అక్కణ్ణుంచి అది బాగ్దాదుకూ, తురుష్కుల ఊళ్ళకూ వెళ్ళేది. ఏడాదికోసారి కదిలే ఈ కాఫీ ఓడల దండు మస్కట్ రాబడికి ప్రాణం. 1775లో పర్షియా పాలకుడు కరీంఖాన్ జంద్ సేనలు బస్రాను ముట్టడించినప్పుడు, అల్ బూసయీద్ వంశ స్థాపకుడైన ఇమాం అహ్మద్ బిన్ సయీద్ ఇక్కణ్ణుంచి యుద్ధనౌకలు పంపాడు. నదికి అడ్డంగా పర్షియా వాళ్ళు కట్టిన ఇనుప గొలుసును 'అర్ రహ్మానీ' అనే ఓడ తెంపుకుని వెళ్ళిందని ఒమానీ చరిత్రకారులు రాశారు. మరుసటి ఏడు బస్రా ఎలాగూ పడిపోయింది, అది వేరే విషయం. ఆ యుద్ధానికి రాజకీయ కారణాలు ఉన్నాయి, వాటి అడుగున కాఫీ బస్తాలూ ఉన్నాయి. ముత్రా కార్నిష్ మీద సాయంత్రం నడకకు వెళ్ళినప్పుడు ఈ సంగతి గుర్తు చేసుకోండి.

ఇంతచేసీ ఒమానీలు కాఫీకి యంత్రం పెట్టలేదు. వాళ్ళకు అవసరం కనిపించలేదు. మా ఆఫీసులో ఒమానీ మిత్రుడి ఇంటికి ఎప్పుడు వెళ్ళినా ముందు ఖర్జూరాలు, తరువాత దల్లా అనే ముక్కు కూజా వస్తుంది. చెవి లేని బుల్లి కప్పులో అడుగున మాత్రమే పోస్తారు. పాలుండవు, పంచదార ఉండదు. యాలకుల వాసన, ఒక్కోచోట కుంకుమపువ్వు, ఒక్కోచోట జబల్ అఖ్దర్ పన్నీరు. చాలనుకుంటే కప్పును అటూ ఇటూ ఊపాలి. ఈ సంగతి తెలియక కొత్తలో నేను మర్యాదకు వద్దనలేక తొమ్మిది కప్పులు తాగాను. 2015లో యునెస్కో వారు ఒమాన్, సౌదీ అరేబియా, యూఏఈ, ఖతార్ నాలుగు దేశాల పేరిట ఈ అరబ్బీ కాఫీ మర్యాదను మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చారు. గంటసేపు కూర్చుని మాట్లాడుకోవడానికి పుట్టిన కాఫీ ఇది. ఎస్ప్రెసో దీనికి సరిగ్గా ఎదురు.

మనకు కాఫీ ఎలా వచ్చిందో అందరికీ తెలిసిన కథే. బాబా బుదాన్ అనే ఫకీరు 17వ శతాబ్దంలో హజ్ నుంచి తిరిగి వస్తూ ఏడు గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడంటారు. కథ కథే గాని ఆ కొండలకు ఇవాళ్టికీ ఆయన పేరే. మన తెలుగు నేల మీద 1898లో తూర్పు గోదావరి మన్యంలోని పాములేరు లోయలో కాఫీ నాటారు. తరువాత అది అరకు, అనంతగిరి, చింతపల్లి కొండలకు పాకింది. సిల్వర్ ఓక్ నీడన, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగల పక్కన, గిరిజన రైతులు పండించే ఆ గింజకు 2019లో 'అరకు వ్యాలీ అరబికా' పేరుతో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అరబికా అంటే అరేబియాది అని అర్థం. 1753లో లినేయస్ ఆ పేరు పెట్టినప్పుడు దాని అసలు ఊరు ఇథియోపియా అని లెక్కలోకి రాలేదు. అరేబియాలో కాపురం ఉంటూ, అరేబియా పేరున్న గింజను అరకు నుంచి తెప్పించుకుని తాగుతున్నాం. చరిత్ర చేసే చమత్కారాలు ఇలాగే ఉంటాయి.

ఇక ఇటలీకి వెళదాం. 19వ శతాబ్దం చివరికి అక్కడ కాఫీ దుకాణాలు కిటకిటలాడుతున్నాయి, కాఫీ దిగడానికేమో చాలాసేపు పడుతోంది. 1884లో ట్యూరిన్ నగరంలో ఆంజెలో మొరియొండో అనే హోటలు యజమాని ఆవిరి ఒత్తిడితో ఒకేసారి చాలా కాఫీ తీసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. 1901లో మిలాన్‌కు చెందిన లుయీజీ బెజ్జెరా దాన్ని ఒక్కో కప్పుకు విడివిడిగా తీసే యంత్రంగా మలిచాడు. పిడి ఉన్న చిన్న గిన్నెలో పొడి వేసి యంత్రానికి తిప్పి బిగించడం ఆయన నాటిదే. దేసిదేరియో పవోనీ ఆ హక్కులు కొని వ్యాపారం పెంచాడు. 1906 మిలాన్ ప్రదర్శనలో జనం ఆ కాఫీ తాగారు. ఎస్ప్రెసో అనే మాటలో ఒత్తి తీసినదనీ, వేగంగా తీసినదనీ, అడిగినవాడి కోసం అప్పటికప్పుడు తీసినదనీ మూడు అర్థాలూ ఉన్నాయి.

బెజ్జెరా యంత్రంలో ఒక లోపం ఉంది. నీటిని తోసేది ఆవిరే. ఆవిరికి బలం రావాలంటే నీరు నూరు డిగ్రీలు దాటాలి. అంత వేడి నీరు పొడి మీద పడితే కాఫీ మాడుతుంది. అంతచేసీ వచ్చే ఒత్తిడి ఒకటిన్నర బార్‌కు అటూ ఇటూ. బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత.

ఇది చదివినప్పుడు నేను లేచి వంటింట్లోకి వెళ్ళి నా పద్దెనిమిది రియాళ్ళ మిషనును తిప్పి చూశాను. పైన మరలా బిగించే మూత, లోపల నీళ్ళ గిన్నె, కింద హీటరు, అంతే. పంపు లేదు. నేను కొన్నది 1901 నాటి యంత్రం! మాడు వాసన నా చేతి తప్పు కాదు, నూట ఇరవై ఏళ్ళ నాటి లోపం.

తరువాతి మజిలీ 1933. అల్ఫోన్సో బియాలెత్తీ అల్యూమినియంతో ఎనిమిది పలకల చిన్న కూజా చేశాడు. కింది అరలో నీళ్ళు, మధ్యలో పొడి, పొయ్యి మీద పెడితే కాఫీ పై అరలోకి పొంగుతుంది. దాని పేరు మోకా, మన పక్కనున్న ఆ యెమెన్ రేవు పేరే. యుద్ధం తరువాత ఆయన కొడుకు రెనాతో దాన్ని ఇటలీలో ఇంటింటికీ చేర్చాడు. ఆయన 2016లో కన్నుమూస్తే అస్థికలను పెద్ద మోకా కూజాలోనే ఉంచి అంత్యక్రియలు జరిపారు. వృత్తి మీద అంత మమకారం ఉన్నవాళ్ళు అరుదు. ఈ కూజాలోనూ ఒత్తిడి ఒకటి రెండు బార్లే, కాబట్టి ఇది ఎస్ప్రెసో కాదు. కానీ మన డికాషన్‌కు దగ్గరి చుట్టం.

అసలు మలుపు అకీలే గాజియాది. మిలాన్‌లో కాఫీ బారు నడిపే ఈయన 1938లో ఆవిరి లేకుండా కాఫీ తీసే పద్ధతికి పేటెంటు కోరాడు. యుద్ధం అడ్డుపడింది. 1948 నాటికి స్ప్రింగు, పొడుగాటి పిడి ఉన్న యంత్రం బజారులోకి వచ్చింది. పిడి కిందికి లాగితే స్ప్రింగు ముడుచుకుంటుంది, వదిలితే వేడి నీటిని ఎనిమిది తొమ్మిది బార్ల ఒత్తిడితో పొడిలోంచి తోస్తుంది. నీరు మరగనక్కర్లేదు, తొంభై చిల్లర డిగ్రీలు చాలు. అప్పుడు మొదటిసారి కాఫీ మీద తేనెరంగు మీగడ కట్టింది. క్రెమా అంటారు. మొదట్లో జనం అదేం తెట్టు అని ముఖం చిట్లించారట. అది కాఫీలోని నూనెలూ గాలీ కలిసి కట్టిన మీగడ, పాల నురగ కాదు. ఆ కుర్రాడు చెప్పాలనుకున్నది ఇదన్నమాట.

మన పెళ్ళి మిషను సంగతికి వస్తే, అందులో ఆవిరి కాఫీని తియ్యదు. ఆవిరి పాలను కాచి నురగ కట్టిస్తుంది. కాఫీ రుచి ఇచ్చేది కప్పులో ముందే వేసిన ఇన్‌స్టంట్ పొడి. ఆ పొడికి దారి తీసిన నెస్కెఫే స్విట్జర్లాండులో బజారులోకి వచ్చింది కూడా 1938లోనే. ఒకే సంవత్సరంలో రెండు దారులు చీలాయి. ఇటలీ ఒక దారిన వెళ్ళింది, మన పెళ్ళిపందిరి రెండో దారిన వెళ్ళి మొదటిదాని పేరు పెట్టుకుంది. ఓడిపోయాను గాని ఆ నురగ కాఫీ మీద నాకు ప్రేమ తగ్గలేదు.

చివరి మెట్టు 1961. ఎర్నెస్తో వలెంతే ఫాయెమా కంపెనీ తరఫున ఈ61 అనే యంత్రం తెచ్చాడు. మనిషి పిడి లాగనక్కర్లేదు, మోటారు పంపే నీటిని తోస్తుంది. ఆ ఏడు ఫిబ్రవరి 15న ఇటలీలో కనిపించిన సంపూర్ణ సూర్యగ్రహణం జ్ఞాపకార్థం ఆ పేరు పెట్టారు, ఈ అంటే గ్రహణం. మనవాళ్ళయితే గ్రహణం నాడు పొయ్యే వెలిగించరు. ఆ పంపు తరువాత చిన్నదై, చవకై, ఇళ్ళలోకి వచ్చింది. ఇంకా తరువాతిది గొట్టాల్లో పొడి నింపి అమ్మే పద్ధతి. నెస్లేలో ఎరిక్ ఫావ్ర్ 1976లో కనిపెట్టాడు, 1986లో నెస్‌ప్రెసోగా అమ్మకానికి వచ్చింది. శుభ్రంగా ఉంటుంది, శ్రమ లేదు. కానీ కప్పు కప్పుకూ వాళ్ళకు కప్పం కట్టాలి, వాళ్ళు ఇచ్చిన కాఫీయే తాగాలి. అరకు పొడి తెచ్చుకునే మనబోటి వాళ్ళకు అది సరిపడదని నా అభిప్రాయం.

ఇప్పుడు దుకాణంలోకి వెళదాం. మొదట చూడవలసింది పంపు ఉందా లేదా. పెట్టె మీద బార్ల అంకె 15 అనో, 20 అనో ఉంటే అందులో పంపు ఉన్నట్టు. అంకె లేకపోయినా, మూడు నాలుగు బార్లని ఉన్నా, నీళ్ళు పోసే చోట మర మూత ఉన్నా, అది 1901. ఎంత చవకైనా వదిలెయ్యండి. పదిహేను కంటే ఇరవై మేలనుకోవద్దు. అది పంపు తొయ్యగల గరిష్ఠ బలం మాత్రమే, కాఫీకి కావలసింది గాజియా నాటి తొమ్మిదే. నేను పండుగ తగ్గింపుల్లో నలభై రియాళ్ళ లోపు ఒక పంపు మిషను కొన్నాను. పాతదాన్ని ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు, ఇచ్చి తిట్టు తినడం ఎందుకని.

రెండోది, పొడి వేసే జల్లెడ గిన్నె. చవక మిషన్లతో వచ్చేది సాధారణంగా రెండు అడుగులున్న గిన్నె. లోపల జల్లెడలా ఉన్నా బయటి అడుగున సూది మొనంత ఒకే ఒక్క రంధ్రం ఉంటుంది. పొడి ఎలాంటిదైనా ఆ రంధ్రమే ఒత్తిడి పెంచి నురగ తెప్పిస్తుంది. కొత్తవాళ్ళకూ, కొన్న పొడి వాడేవాళ్ళకూ ఇదే మంచిది. ఒక్క అడుగు గిన్నెలో రుచి ఎక్కువ గాని, దానికి గింజలు అప్పటికప్పుడు సన్నగా, సమంగా విసిరే గ్రైండరు కావాలి. మన మిక్సీ పనికిరాదు. అందులో సగం రవ్వ, సగం ధూళి అవుతుంది, నీరు రవ్వలోంచి దారి చూసుకుని పారిపోతుంది. పొడి వేళ్ళ మధ్య నలిపితే మైదాలా జారకూడదు, బొంబాయి రవ్వలా తగలకూడదు, ఆ రెంటికీ నడుమ సన్న ఉప్పులా ఉండాలి. నన్నడిగితే, డబ్బు కొంచెమే ఉంటే చవక మిషను కొని, మిగిలింది చేత్తో తిప్పే గ్రైండరు మీద పెట్టండి.

ఫిల్టరు కాఫీ పొడి ఇందులో వెయ్యకండి. నేను రెండో మిషనులోనూ మొదట అదే వేశాను. అందులో చికోరీ ఉంటుంది. అది నీరు పీల్చి జిగురై, చుక్క దిగకుండా మొరాయించింది. పంపు మూలుగు విని మా ఆవిడ వంటింట్లోంచి బయటికి వెళ్ళిపోయింది. చికోరీ లేని గింజలు, వేయించి నెల దాటనివి అయితే మంచిది.

కొలత చెబుతాను. రెండు కప్పుల గిన్నెలో 14 గ్రాముల పొడి. సమంగా పరిచి, బల్ల మీద ఆనించి, నిటారుగా ఒక్కసారి గట్టిగా అదమాలి. మిషను వేడెక్కాక ముందు పొడి లేకుండా ఒక కప్పు నీళ్ళు పోనివ్వండి, గిన్నే కప్పూ వేడెక్కుతాయి. తరువాత పొడి గిన్నె బిగించి మీట నొక్కితే, 25 నుంచి 30 సెకన్లలో 28, 30 గ్రాముల కాఫీ రావాలి. పది సెకన్లకే వచ్చేస్తే పొడి ముతక, నిమిషమైనా రాకపోతే మరీ సన్నం. ముతకైతే పులుపు, అతి సన్నమైతే చేదు. రెండు అడుగుల గిన్నెకు ఈ లెక్క అంత కచ్చితంగా పట్టదు, రుచే చెబుతుంది.

పాలకు ఆవిరి పట్టే గొట్టం కూడా ఉంటుంది. మొదట వచ్చే నీటి చుక్కలు బయటికి వదిలి, తరువాత పాలలో ముంచాలి. పని కాగానే తడిగుడ్డతో తుడవకపోతే పాలు అట్టకట్టి మర్నాటికి రాయవుతాయి. ముఖ్యమైనది ఒకటుంది. ఆవిరి పట్టిన వెంటనే కాఫీ తియ్యకండి. అప్పుడు లోపలి నీరు నూరు దాటి ఉంటుంది, పంపు మిషనులో కూడా బెజ్జెరా మాడు వాసన తిరిగొస్తుంది. ముందు కాఫీ, తరువాత ఆవిరి. లేదా కొంత నీరు వదిలి చల్లబడనివ్వాలి.

నీళ్ళ మాట. 1976లో ఘుబ్రాలో ఉప్పునీటిని మంచినీరు చేసే కర్మాగారం మొదలైనప్పటి నుంచీ మస్కట్ తాగుతున్నది ప్రధానంగా సముద్రపు నీరే. అందులో మళ్ళీ కొంత ఖనిజం కలిపి పంపుతారు. నిజ్వా, ఇబ్రా వైపు బావినీరైతే సున్నం ఇంకా ఎక్కువ. ఆ సున్నం మిషను పేగుల్లో గట్టిపడుతుంది. రెండు మూడు నెలలకోసారి దాన్ని వదలగొట్టాలి. దానికి అమ్మే మందో, కంపెనీ కాదనకపోతే నీళ్ళలో కలిపిన నిమ్మ ఉప్పో చాలు. తరువాత రెండు ట్యాంకుల మంచినీళ్ళు వదలండి.

అమెరికాలో పిల్లలున్నవాళ్ళకు ఒక హెచ్చరిక. అక్కడ చవకని మిషను తెప్పించుకోకండి. అది 120 వోల్టులది, ఇక్కడ 240. వెయ్యి వాట్లు దాటే మిషనుకు చిన్న కన్వర్టరు ఆగదు. ఇక్కడ కొన్నది మాత్రం రేపు దేశానికి తీసుకువెళితే ప్లగ్గు మారిస్తే చాలు.

ఇంత తతంగం మావల్ల కాదు, పాలు కలుపుకోవడానికి చిక్కటి డికాషన్ ఉంటే చాలంటారా, మిషనే వద్దు. ఒక మోకా కూజా కొనండి. దాని ధర మిషను ధరలో చిన్న వంతు, చెడిపోవడానికి లోపల రబ్బరు చుట్ట తప్ప ఏమీ లేదు.

మేం ఎందుకు కూజా కొనలేదని అడగవచ్చు. దాన్నీ రెండు చేతులతో మెలితిప్పి బిగించాలి. అమ్మ చెయ్యి సంగతి చెప్పాను కదా. ఆ మాటకొస్తే ఈ పంపు మిషనుకు పిడి బిగించడం కూడా ఆవిడ వల్ల కాదని కొన్నాక తెలిసింది. మీట నొక్కితే చాలనుకున్న నా లెక్క తప్పింది. కాబట్టి ఇప్పుడు నేనే నాలుగున్నరకు లేస్తున్నాను. గింజలు నేను విసురుతాను. అరకు గింజలు, విశాఖ నుంచి వచ్చేవారెవరైనా తెచ్చిపెడతారు. కాఫీ దిగుతున్నంతసేపూ అమ్మ పక్కనే స్టూలు మీద కూర్చుని ఊరి సంగతులు చెబుతుంది. ముప్ఫై గ్రాముల కాఫీ, స్టీలు గ్లాసులో నూట ఇరవై మిల్లీలీటర్ల వేడిపాలు, చెంచాడు పంచదార, ఒక తిరగపోత. కాఫీలో పాలు ఇంత పోస్తే ఇటలీ వాళ్ళు ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు.

మొదటి రోజు గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టింది. బాగుందనలేదు. ఇది ఏ పద్ధతి, ఎన్ని బార్లు, గాజియా ఎవరు అని నేను చెప్పబోతుంటే మధ్యలో ఆపి, "రేపు డికాషన్ ఇంకొంచెం ఎక్కువ వెయ్యరా" అంది.